రేపటి కోసం పెట్టిన పులుసు

మా అమ్మ కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషి. ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు కొంచెం చిన్నవి చేసి, ఒక్క క్షణం ఆగుతుంది. వడ్డించిన ఇల్లాలు ఆ క్షణమంతా గరిటె పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడాల్సిందే. తర్వాత తీర్పు వస్తుంది. "పప్పు బాగానే ఉడికింది గానీ తాలింపులో ఇంగువ పాతది." "చారు ఒక పొంగు ముందే దించేసినావు." ఒకసారి బంధువుల పెళ్లిలో వంటమేస్త్రీ ఈమె ఏ వరసలో కూర్చుందో కనుక్కుని, తనే స్వయంగా వచ్చి వడ్డించి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. అయినా గుత్తివంకాయకు మాట తప్పలేదు. మా ఇంట్లో వంట నా చేతికొచ్చి పాతికేళ్లు దాటింది. ఒక్క కూర కూడా వంక లేకుండా ఆమె గొంతు దిగలేదు.

అలాంటి మనిషి పోయిన చలికాలంలో జ్వరం వచ్చి తగ్గాక, నేను అడుగంటించిన ఉప్మా తిని "బాగుందమ్మా" అంది.

నేను పొంగిపోయాను. ఆఫీసులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను. మర్నాడు ఉప్పు వెయ్యడం మరిచిపోయిన పప్పు కూడా బాగుందంది. ఆ తర్వాత ఫ్రిజ్ లో పెట్టకుండా వదిలేసి పుల్లబడిన పెరుగు కూడా బాగుందంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

గట్టిగా నిలదీస్తే చెప్పింది. రుచి లేదు, వాసన లేదు. జ్వరం వచ్చిన దగ్గర నుంచీ లేదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అరిచాను. "ఊరందరి వంటకూ పేర్లు పెట్టినదాన్ని. ఇప్పుడు నాకే నాలుక లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పేది?" అంది. అంతే, ఆ తర్వాత ఆ సంగతి ఎత్తనివ్వలేదు.

అప్పటి నుంచీ తిండి ఆమెకు ఒక పని అయిపోయింది. మాత్ర వేసుకున్నట్టు నాలుగు ముద్దలు మింగి లేచేది. జాకెట్లు వదులయ్యాయి. మాట కూడా తగ్గిపోయింది. ఆమె మాటల్లో సగం తిండి గురించే కాబట్టి, అది పోయాక చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. పూటపూటకీ వినపడే ఆ "బాగుంది" నాకు శాపంలా తోచేది. నన్ను తిట్టమ్మా, ఒక్కసారి తిట్టు అని లోపల్లోపల మొక్కుకునేదాన్ని. విజయవాడ డాక్టరు చూసి, "ఉప్పు, పులుపు ఎప్పటికైనా మెల్లగా తెలుస్తాయండీ, వాసన రావడమే కష్టం. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు" అన్నాడు. ఈ మాట చెప్పడానికి డాక్టరు ఎందుకని నాకు ఒళ్లు మండింది. చెన్నైలో ముక్కు, గొంతు చూసే పెద్ద డాక్టరు దగ్గర సోమవారానికి టైం తీసుకున్నాను.

కారులో పోదామనుకున్నాం. నడిపేది నేను. పక్క సీట్లో కూర్చుని నడపమని చెప్పేది మా ఆయన. ఆయనది గోదావరి ఒడ్డున ఊరు. చేప అంటే పులస, పులుసు అంటే వాళ్లమ్మ చేసింది, మిగతావన్నీ నీళ్లలో తిరిగే పురుగులని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పాతికేళ్లుగా మా అమ్మ ముందు మాత్రం మెత్తని గొంతుతో చెబుతూ వచ్చాడు. శనివారం తెల్లవారకముందు బయల్దేరితే సాయంత్రానికి చెన్నై చేరతామని, మధ్యలో నెల్లూరులో రెండు గంటలు ఆగుతామని ఫోన్‌లో అంతా లెక్కగట్టి పెట్టాడు.

నెల్లూరులో ఆగేది చిన్నమ్మ కోసం. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు, సంతపేటలో ఉంటుంది. సంగతి తెలిసిన రోజు నుంచీ ఫోన్ చేసి ఒకటే పోరు. "నెల్లూరు మీద నుంచే గదా పోయేది? నా చేతి చేపల పులుసు తినిపించకుండా మా అక్కను డాక్టరు దగ్గరికి తీసకపోతారా? సూదులూ మందులూ తర్వాత. ముందు పులుసు." ఒక మనిషి రోగానికి పులుసు మందని నేను నమ్మలేదు. కానీ చిన్నమ్మతో వాదించి గెలిచినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఒంగోలు దాటాక టిఫినుకు ఆగాం. ఇడ్లీ గోడకు కొడితే తిరిగి చేతిలోకి వచ్చేలా ఉంది. పచ్చడి నిన్నటిది. అమ్మ తిని, "బాగుంది నాయనా" అని వడ్డించినాయనతో చెప్పింది. ఆయన సంతోషపడి ఇంకో రెండు వేశాడు. మా ఆయన నావైపు చూశాడు. నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

సంతపేటలో చిన్నమ్మ ఇంటి ముందు కారు ఆపేసరికి ఆమె గుమ్మంలోనే సంచి పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్ని దిగనివ్వలేదు.

"దిగబాకండి, దిగబాకండి. మైపాడు పోతుండాం. పడవలు వచ్చే వేళ." అంటూ వెనక తలుపు తీసుకుని అక్క పక్కన కూర్చుంది. కూర్చుని, అక్క చెయ్యి తడిమి చూసి, "ఏందక్కా ఇంత చిక్కిపోయినావు?" అంది. అమ్మ "ఏం లేదులే" అని కిటికీలోంచి బయటికి చూసింది.

చేప కోసం మైపాడు దాకా ఎందుకని మా ఆయన అడిగాడు. నెల్లూరు మార్కెట్‌లో చేపలు లేవా అని కూడా అడిగాడు. చిన్నమ్మ ఆయనను జాలిగా చూసింది. విషయం నేను చెప్పాల్సి వచ్చింది. ఈ అక్కచెల్లెళ్లకు చిన్నప్పటి నుంచీ ఒక ఒప్పందం ఉంది. చేపను ఎంచేది అక్క, వండేది చెల్లెలు. పులుసు పాడైతే చేప మంచిది కాదని చెల్లెలంటుంది, వండడం రాక చేపను అంటోందని అక్క అంటుంది. తప్పు రెండోవాళ్లదేనని తేల్చడానికి ఇద్దరూ ఇన్నేళ్లుగా కష్టపడుతున్నారు, ఇంకా తేలలేదు. అక్క ఎంచని చేపను చిన్నమ్మ ఈ పూట వండదు.

మైపాడు దారంతా వరి చేలు, ఆ తర్వాత రొయ్యల గుంటలు. ఒడ్డుకు పోయేసరికి పడవలు ఇసుక మీదికి లాగి ఉన్నాయి. వలల్లోంచి చేపలు దులుపుతున్నారు. ఒకావిడ తట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. మా అమ్మ నడుస్తున్న తీరు చూడగానే ఆవిడ కొంగు బిగించింది. బేరగత్తెను చూస్తే అమ్మేవాళ్లకు తెలిసిపోతుంది కాబోలు.

అమ్మ వంగి ఒక వంజరం ఎత్తింది. మొప్ప ఎత్తి చూసింది. కన్ను నొక్కి చూసింది. పొట్ట మీద వేలు పెట్టి నొక్కి, అలవాటుగా ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. అక్కడే ఆగిపోయింది. కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడి, చేపను నా చేతికిచ్చింది.

"నువ్వు చూడమ్మా."

నాకు చేప వాసన ఎప్పుడైనా ఒకటే, చేప వాసన. బాగానే ఉందన్నాను. అమ్మ ఆ తట్టావిడ అడిగినంతకు "సరే" అంది.

ఆవిడ బిత్తరపోయింది. "ఏం పెద్దమ్మా, బేరం చెయ్యవా? నేను ఒకటికి రెండు చెప్పి ఉండానే!" అని తనే బయటపడి, తనే తగ్గించింది. మామూలుగా అయితే నేను నవ్వి చచ్చేదాన్ని. చిన్నమ్మ సముద్రం వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. గాలికి ఇసుక పడిందంది.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన గడియారం చూసుకుని, "అయితే ఒంటిగంటకల్లా పులుసు తిని బయల్దేరిపోవచ్చు" అన్నాడు.

చిన్నమ్మ నవ్వింది.

"అల్లుడుగారూ, ఈ పూట వండిన పులుసు ఈ పూటే తినేవాళ్లను మా నెల్లూరులో మనుషుల కింద లెక్కెయ్యరు. ఈ రోజు వండి, చట్టికి మూత పెట్టి, రేపు పొద్దున సద్దన్నంలోకి తినాల. ముక్కకు పులుపు పట్టొద్దా?"

"రేపా?" అని ఆయన నావైపు తిరిగాడు.

ఈ సంగతి నాకు తెలియదా అంటే, పుట్టిన దగ్గర నుంచీ తెలుసు. చెబితే ఆయన నెల్లూరులో ఆగనిచ్చేవాడు కాదు. అందుకని అద్దంలో చూసుకుంటూ చాలా శ్రద్ధగా కారు నడిపాను. గోదావరి మనిషి, కోపం వచ్చినా "ఆయ్, అలాగేనండి" అన్నాడు. డాక్టరు టైం సోమవారం కదా, ఆదివారం మధ్యాహ్నం బయల్దేరినా చాలు.

ఇంటికి రాగానే చిన్నమ్మ కొంగు దోపుకుంది. మా ఆయన, చిన్నాయన కారుకు అంటిన ఉప్పుగాలీ ఇసుకా కడిగించడానికి పోయారు. అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను చింతపండు పిసుకుతూ, మామిడికాయ ముక్కలు కోస్తూ వంటింట్లో ఉన్నాను. చిన్నమ్మ చిన్న మూకుడు పెట్టి మెంతులు పోసింది. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. చర్చి స్త్రీల సమాజం నుంచి. రేపటి ఆరాధనకు పూలు ఎవరు తెస్తారన్నది సమస్య. చిన్నమ్మ ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో ఆవేశం పట్టుకుని మాట్లాడుతూ ఉండగానే మెంతులు నల్లబడ్డాయి. నేను మూకుడు దించేసరికి ఇల్లంతా మాడు వాసన.

చిన్నమ్మ ఫోన్ పెట్టేసి, వేలు పెదాల మీద పెట్టి, వంటింటి తలుపు చాటుకు నక్కింది. వరండా వైపు చెవి పెట్టింది. నేను కూడా పెట్టాను. మెంతులు మాడితే మా అమ్మ వీధి చివర ఉన్నా అక్కడి నుంచే అరుచుకుంటూ వచ్చేది. ఇద్దరం అట్లా నిలబడి కాచుకున్నాం.

వరండాలోంచి ఏమీ వినపడలేదు. తొంగి చూస్తే, అమ్మ కుర్చీలో కూర్చుని రోడ్డు మీద ఆటోలు చూస్తోంది. గాలి అటే వీస్తోంది.

చిన్నమ్మ వెనక్కి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. "తిట్టలేదే" అంది. కాసేపటికి లేచి, మరీ నల్లబడిన గింజలు ఏరి పారేసింది. డబ్బాలో ఇంక మెంతులు లేవు. మిగిలినవే నూరి పులుసులో వేసి, చేదు తెలియకుండా చిన్న బెల్లం ముక్క పడేసింది.

"మీ అమ్మకు చెప్పబాకు. ఇది కనిపెట్టేది లోకంలో మా అక్క ఒక్కటే. ఇప్పుడు ఆమెకు కూడా..." అని ఆపేసి, చట్టిని రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పింది. చేపల పులుసులో గరిటె పెట్టకూడదు, ముక్క చితుకుతుంది. చట్టినే తిప్పాలి. దించి, మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి, "రేపటి దాకా ఎవురూ ముట్టుకోబాకండి" అని ఇల్లు దద్దరిల్లేలా చెప్పింది.

మధ్యాహ్నం ముద్దపప్పు, దొండకాయ వేపుడు. పక్క గదిలో పులుసు ఉండగా పప్పు తినడం మా ఆయనకు అన్యాయమనిపించింది, మొహంలో కనపడింది. అమ్మ నాలుగు ముద్దలు తిని "బాగుంది" అని లేచిపోయింది. ఆమె లోపలికి పోయాక చిన్నాయన గొంతు తగ్గించి చెప్పాడు. చిన్నాయన చర్చిలో సంఘపెద్ద. ఏం చెప్పినా వాక్యం చెప్పినట్టే ఉంటుంది.

"వదినకు నాలుక పోలేదు. నిద్రపోతుండాది. నిద్రపోయే మనిషిని ఏం చేస్తాం? మెల్లగా పిలిస్తే లేస్తారా? గట్టిగా తట్టి లేపాల."

మేమందరం తలూపాం. ఈ తలూపడమే కొంప ముంచింది.

సాయంత్రం అక్కచెల్లెళ్లు పూలు పట్టుకుని చర్చి అలంకరణకు వెళ్లారు. ఎలాగూ ఆగిపోయాం కాబట్టి చారిత్రక నగరం చూడాలని మా ఆయన పట్టుబట్టాడు. చిన్నాయన చూపిస్తానన్నాడు. వాళ్లు పెన్న ఒడ్డుకు పోయారు, రంగనాథుడి గాలిగోపురం చూశారు, పాత వీధులన్నీ తిరిగారు. ఈ ఊరిని ఏలిన రాజులెవరని మా ఆయన అడిగితే చిన్నాయన కాసేపు ఆలోచించి, "రాజులు శానామంది వచ్చినారు, పోయినారు. ఈ మూల మీద మాత్రం ఒక దోసెల కొట్టు ఉండేది. అది పోయిందే, అదీ నష్టం" అన్నాడట. గోపురం దగ్గర గోపురం ఎత్తు చెప్పలేదు గానీ, దాని నీడ సాయంత్రం ఏ మలైకాజా కొట్టు మీద పడుతుందో చెప్పాడట. మా ఆయన చరిత్ర తక్కువగా, కాజాలు ఎక్కువగా వేసుకుని తిరిగొచ్చాడు.

ఈలోపు ఇంట్లో నేనొక్కదాన్నే. కారు నడిపి అలిసిపోయానని చెప్పి ఉండిపోయాను. అలసట నిజమే. కానీ మంచం మీద పడుకుంటే చిన్నాయన మాటే చెవిలో తిరుగుతోంది. తట్టి లేపాల. మైపాడులో చేప పట్టుకుని నిలబడిన అమ్మ కళ్ల ముందు నుంచి కదలడం లేదు. లేచి వంటింట్లోకి పోయాను. రాయి దించి, మూత తీసి, గుప్పెడు ఉప్పు పులుసులో చల్లి, చట్టిని గుండ్రంగా తిప్పి, మూత పెట్టి, రాయిని అది ఉన్న చోటే, ఉన్న వైపుకే పెట్టాను. చిన్నమ్మకు ద్రోహం చేశానని తెలుసు. అమ్మ కోసం ఆ మాత్రం ద్రోహం చెయ్యనా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున చర్చికి పోయే ముందే సద్దన్నానికి కూర్చున్నాం. కింద చాప వేసి, మధ్యలో చట్టి పెట్టి, చిన్నమ్మ మూత తీసింది. రాత్రంతా ఊరి, నూనె పైకి తేలి, పులుసు ఎర్రగా చిక్కబడి ఉంది. అందరికీ వడ్డించింది. అమ్మకు నడిముక్క వేసింది. వేసేటప్పుడు ఒక ముక్క చితికిపోయి ఉండటం చూసి చిన్నమ్మ కనుబొమలు ముడేసింది.

చిన్నాయన చేతులు జోడించి ప్రార్థన మొదలుపెట్టాడు. మామూలుగానే ఆయన ప్రార్థన ఎత్తుకుంటే వేడన్నం సద్దన్నమవుతుంది. ఆ రోజు అసలే సద్దన్నం కాబట్టి ఆయనకు అడ్డు లేకుండా పోయింది. లోకంలో రోగులందరినీ తలచుకున్నాడు, దారి ప్రయాణాలను తలచుకున్నాడు, చెన్నై డాక్టరును, మా కారు టైర్లను కూడా తలచుకున్నాడు. చివరికి, "మూగవాడి నాలుకను విప్పిన ప్రభువా, మా వదినమ్మ నాలుకను కూడా నీ చేత్తో ముట్టు తండ్రీ" అన్నప్పుడు ఆయన మూసిన కళ్లలోంచి నిజంగానే నీళ్లు కారాయి. అందరం కళ్లు మూసుకుని ఉన్నాం. నేను మాత్రం ఒక కన్ను తెరిచి అమ్మను చూశాను. తల వంచుకుని, కంచంలోకే చూస్తోంది.

ప్రార్థన కాగానే మేం నలుగురం ఒకేసారి ముద్ద నోట్లో పెట్టుకున్నాం.

ఆ ఉప్పు గురించి ఏం చెప్పను. నాలుక లేచి పరిగెత్తింది. నేను వేసింది గుప్పెడే. ఈ పులుసులో నాలుగు గుప్పెళ్ల ఉప్పుంది. తల ఎత్తి చూస్తే, మా ఆయన దవడలు కదలడం ఆగిపోయాయి. చిన్నాయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఇందాకటి ప్రార్థన నీళ్లు కావు. చిన్నమ్మ మొహం ఎర్రగా ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు, నలుగురం నాలుగు వైపులా చూస్తూ మింగాం.

"బాగుంది" అన్నాడు మా ఆయన, నీళ్ల గ్లాసు అందుకుంటూ.

"శానా బాగుండాది" అన్నాడు చిన్నాయన.

అమ్మ మెల్లగా అన్నం కలిపింది. ముల్లు తీసి, ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు చిన్నవయ్యాయి. ఆగింది.

ఆ ఆగడం నేను నెలల తర్వాత చూశాను. నా చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది.

"ఏమే," అంది అమ్మ చెల్లెలి వైపు తిరిగి, "ఇది పులుసా, మైపాడు సముద్రమా?"

నాకు కెవ్వున కేక పెట్టాలనిపించింది గానీ ఆపుకున్నాను. ఉప్పు ముందు తెలుస్తుందని డాక్టరు చెప్పనే చెప్పాడు. పైగా ఇంత ఉప్పయితే గోడకు కూడా తెలుస్తుంది. ఎక్కువ ఆశపడి తర్వాత ఏడవకూడదని గట్టిగా అనుకున్నాను.

"ఇంత ఉప్పు ఎవురేసినారు?" అని అమ్మ గద్దించింది. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో. ముందు మా ఆయన లొంగిపోయాడు. నిన్న నేను స్నానానికి పోయినప్పుడు నాలుగు చెంచాలు వేశాడట. చట్టి తిప్పాలని తెలియక గరిటె పెట్టి కలిపాడట. చితికిన ముక్క రహస్యం అదీ. చిన్నాయన తెల్లవారుజామున ప్రార్థనకు లేచి, మోకాళ్లూనే ముందు వంటింట్లోకి పోయి వచ్చాడట. నేను నాది ఒప్పుకున్నాను. అందరం చిన్నమ్మ వైపు చూశాం, తిట్లు కాచుకుని. ఆమె తల దించుకుని, "చర్చి నుంచి వచ్చినాక నేను కూడా ఇంత వేసినా" అంది. తిలాపాపం తలా పిడికెడు.

"నీ పులుసులో నువ్వే వేసినావా?" అని చిన్నాయన ఆశ్చర్యపోయాడు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆ పులుసును ఆమె కావాలని చెడగొట్టుకోవడం ఆయన చూడలేదు.

"అక్కకు తెలిస్తే చాలనుకున్నా. మనం తినకపోతే ఏమాయె."

అమ్మ ఇవన్నీ వింటున్నట్టు లేదు. ఇంకో ముద్ద పెట్టుకుంది. ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆగింది. ముక్కు కొద్దిగా పైకెత్తింది. ఏదో వెతుక్కుంటున్నట్టు కళ్లు అటూ ఇటూ కదిలాయి.

"ఉప్పు సరే," అంది మెల్లగా. "మెంతులు మాడ్చినావు గదే. మాడ్చి, బెల్లం ముక్క పడేసి కప్పిపెట్టినావు."

చిన్నమ్మ గిరుక్కున నావైపు తిరిగింది, నేను చెప్పానేమోనని. నేను లేదని తల ఊపాను. ఎంత ఊపానంటే మెడ పట్టేసింది.

"నీకెట్టా తెలిసెనక్కా?" అంది చిన్నమ్మ.

"ఎట్టా తెలిసేదేంది? మాడు వాసన గుప్పున కొడతా ఉంటే! నాకేమన్నా నోరు లేదా, ముక్కు లేదా?"

అనేసి, తన మాట తనకే వినపడి, అమ్మ ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. తర్వాత ఆ చేతిని నెమ్మదిగా ముక్కు దగ్గరికి తెచ్చుకుంది, మైపాడులో చేపను తెచ్చుకున్నట్టే. వాసన చూసింది. మళ్లీ చూసింది. ఆ పులుసు వేళ్లను మొహం ముందు నుంచి తియ్యలేదు. కళ్లలోంచి నీళ్లు కారి చెంపల మీదికి వచ్చినా తుడుచుకోలేదు.

చిన్నమ్మ ఎంగిలి చేత్తోనే అక్క భుజం పట్టుకుని ఏడ్చేసింది. "తిట్టక్కా. ఇంకా తిట్టు."

"తిట్టక ముద్దు పెట్టుకుంటానా? పొయ్యి మీద మెంతులు పెట్టి ఊరి పెత్తనాలు చేయబాకే అని నీకు ఎన్ని తడవలు చెప్పినా? జడలేసుకునే వయసు నుంచీ ఇదే రోగం నీకు. ఇంత మంచి చేపను తెచ్చి నీ చేతిలో పెట్టినందుకు నాదీ బుద్ధి తక్కువ..."

"ఆమేన్" అన్నాడు చిన్నాయన.

ఆ తిట్లు చాలాసేపు సాగాయి. మధ్యలో మా ఆయన గరిటె సంగతి, గోదావరి జిల్లాల వంటల సంగతి కూడా వచ్చాయి. ఆయన పులస మాట ఎత్తకుండా అన్నిటికీ తలూపాడు. తిడుతూ తిడుతూనే అమ్మ, "ఏం చూస్తా ఉండావు, ఇంకో ముక్క వెయ్యి. తోక దగ్గరిది" అని కంచం ముందుకు జరిపింది. ఆ ఉప్పు కషాయాన్ని మేం ఐదుగురం చెంబులకు చెంబులు నీళ్లు తాగుతూ తిన్నాం. చిన్నాయన ఆ రోజు చర్చిలో సాక్ష్యం చెప్పాడట. ఉప్పు మాట దాచి, మహిమ ఒక్కటే చెప్పాడని చిన్నమ్మ తర్వాత ఫోన్‌లో చెప్పింది.

చెన్నై డాక్టరు దగ్గరికి ఎలాగూ పోవాల్సిందే. మధ్యాహ్నం బయల్దేరాం. వాసన మొత్తం వచ్చిందో, ఆ మాడిన మెంతుల వరకే వచ్చి పోయిందో అని నాకు లోపల దడగానే ఉంది. గూడూరు దాటాం. అమ్మ వెనక సీట్లో కళ్లు మూసుకుని ఉంది. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. సూళ్లూరుపేటలో కాఫీకి ఆగాను. గ్లాసు ఆమె చేతికిచ్చి, ఎటో చూస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాను.

అమ్మ ఒక గుక్క తాగింది. ఆగింది.

"ఇది కాఫీనా, కుడితా? వాడిన పొడికే మళ్లీ నీళ్లు పోసినారు. పాలు కూడా అడుగంటిన పాలు" అంది.

ఆ కొట్టతను నొచ్చుకుని మావైపు చూశాడు. నేను పోయి అతనికి దణ్ణం పెట్టినంత పని చేసి, ఇంకో కాఫీ అడిగి తెచ్చాను. అమ్మ దాన్ని కూడా తిట్టింది.